తొమ్మిది చూపించిన మీటరు

అధ్యక్ష స్థానంలో ఉన్న మేనేజరుగారికి, మోకాళ్ళ నొప్పులున్నా నా కోసం రెండంతస్తులెక్కి వచ్చిన పాత మేనేజరుగారికి, వేదిక మీదున్న పెద్దలకి, మా సెక్షన్ వాళ్ళకి, వెనక తలుపు దగ్గర నించుని భోజనాలెప్పుడా అని చూస్తున్న ప్యాకింగ్ మిత్రులకి (నవ్వులు), ముందు వరుసలో చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మా అక్కకి, అందరికీ నమస్కారం.

ముప్ఫై నాలుగేళ్ళు మీటర్లు సరిచూసే గదిలో కూర్చున్నాను. ప్రెజరు మీటరు వస్తుంది, దాన్ని మా బల్ల మీదున్న అసలు మీటరు పక్కన బిగించి, గాలి పంపి, రెండూ ఒకే మాట చెబుతున్నాయో లేదో చూడాలి. చెబితే సంతకం, చెప్పకపోతే స్క్రూడ్రైవరు. ఇంతే నా ఉద్యోగం. అలవాటు ఎక్కడికి పోతుంది, ఇందాక మీరు ప్రేమగా ఇచ్చిన ఈ గోడగడియారం రెండు నిమిషాలు వెనక నడుస్తోందని అప్పుడే చూసేశాను. (నవ్వులు) ఫరవాలేదు, ఇంటికెళ్ళి సరిచేసుకుంటాను.

మేనేజరుగారు నా గురించి చెబుతూ, "ఈవిడ చేతిలోంచి అబద్ధం చెప్పే మీటరు ఒక్కటంటే ఒక్కటి బయటికి పోలేదు" అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా మా అక్క కొట్టింది. నేను రాసుకొచ్చిన ప్రసంగం ఈ కాగితంలో ఉంది, బాగానే కుదిరింది కూడా. కానీ ఆ చప్పట్లు విన్నాక ఇది చదవడానికి నోరు రావడం లేదు. ఒక మీటరు పోయింది సార్. తెలిసే పంపాను. ఇంటికెళ్ళాక అక్కకి చెబుదామనుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా ఇంటికెళ్ళాకే చెబుదామనుకుంటున్నాను.

పొద్దున గేటు పక్కన ఎర్ర కారొకటి చూసే ఉంటారు. అది స్కూటర్ల స్టాండులో పెట్టారెవరని వాచ్‌మన్ గొడవ చేసింది నా మీదే. రెండే సీట్లు, పైన కప్పు లేదు, వయసులో మా అక్క కంటే ఐదేళ్ళు చిన్నది. అక్క అప్పట్లో డ్రైవింగ్ స్కూల్లో టీచరు. వారమంతా పక్క సీట్లో కూర్చుని "క్లచ్చు, క్లచ్చు, అమ్మా బ్రేకు!" అని అరిచి, ఆదివారం వస్తే ఈ కారు తీసేది. ఏడాదికోసారి కొండ పందెం ఉండేది. ఒక్కో కారూ విడిగా కిందనుంచి పైకెక్కాలి, ఎవరు తక్కువ సమయంలో ఎక్కితే వాళ్ళది గెలుపు. మలుపుల్లో మా అక్కని మించినవాళ్ళు లేరు. మలుపు దాటి ఎక్కుడు మొదలయ్యేసరికి కారుకి ఆయాసం వచ్చేది. ఎన్నేళ్ళెక్కినా మూడో నాలుగో స్థానం.

అప్పుడు మాకు టర్బో పిచ్చి పట్టింది. ఇంజను వదిలే పొగ ఊరికే పోతుంది కదా, ఆ పొగతో ఓ చిన్న చక్రాన్ని తిప్పి, ఆ చక్రంతో బయటిగాలిని ఇంజనులోకి కుక్కి కుక్కి పంపితే, అదే ఇంజను ఇంకా బలంగా లాగుతుంది. అంతకుమించి రహస్యం లేదు. ఇది అమ్మకి చెబితే, "వదిలేసిన ఊపిరి మళ్ళీ పీల్చడమేంటే, అసహ్యంగా" అంది. (నవ్వులు)

తుక్కు సామాన్ల కొట్టులో ఓ పాత డీజిల్ వ్యాను నుంచి టర్బో పీకించుకొచ్చాం. పైపులన్నీ వంచి అతికి పెట్టింది వెల్డింగ్ మేస్త్రిగారు. అదుగో, మూడో వరుసలో ఉన్నారు, చెవులు వినబడవు కాబట్టి నేనేం చెప్పినా ఔనని తలూపుతారు. చూశారా! (నవ్వులు) పాత ఇంజను అంత గాలి తట్టుకోలేదని ఇంజను మూత కింద ఉన్న గ్యాస్కెట్టు తీసి మందంది వేశాం. మొదటిసారి గట్టిగా తొక్కితే రబ్బరు పైపు ఊడి బాంబు పేలినట్టయి, పక్కింటాయన గడ్డం సగం గీసుకుని సబ్బు నురగతోనే వీధిలోకొచ్చారు.

ఎనిమిది నెలల ఆదివారాలు. షెడ్డులో కారు కింద అక్క, బయటికి పాదాలే కనిపించేవి. ఉండుండి ఒక చెయ్యి బయటికొచ్చేది. ఏ పానా కావాలో తను చెప్పేది కాదు, నేను అడిగేదాన్ని కాదు, చేతిలో పెట్టేదాన్ని. ఒక్కసారి కూడా తప్పు పానా పెట్టలేదు. ఆ ఎనిమిది నెలలూ ఎవరైనా తిరిగిస్తానంటే ఈ ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసూ బదులిచ్చేస్తాను. మేనేజరుగారూ, మీరేమీ అనుకోకండి.

టర్బో ఎంత గాలి కుక్కుతోందో చూపించే మీటరు నేనే సరిచేసి స్టీరింగు పక్కన బిగించాను. పూర్తి బలం అంటే తొమ్మిది. పందేనికి వారం ముందు అక్క కొండ మీద ఎక్కి చూసుకుంటుంటే, నేను గడియారం పట్టుకుని కింద నించున్నాను. టర్బోతో ఒక చిక్కుంది. పెడల్ తొక్కాక ఒక్క క్షణం ఏమీ జరగదు, తర్వాత ఎవరో వెనకనుంచి తోసినట్టు బలమంతా ఒక్కసారే వస్తుంది. ఏడో మలుపులో అలాగే వచ్చింది. వెనక చక్రం రోడ్డు అంచు దాటి గాల్లో తిరగడం నేను కింద నుంచి చూశాను. రాళ్ళు దొర్లుకుంటూ నా కాళ్ళ దాకా వచ్చాయి. అక్క కారు నిలదొక్కుకుని, పైదాకా ఎక్కి, దిగొచ్చి, "చూశావటే, ఎలా లాగుతోందో!" అని నవ్వింది. నేనూ నవ్వాను. చేతిలో గడియారం ఆపడం మాత్రం మర్చిపోయాను.

వద్దంటే వినే మనిషి కాదు. టర్బోలో గాలి మితిమీరకుండా పొగని పక్కకి వదిలే చిన్న తలుపుంటుంది, దాన్ని పట్టి ఉంచేది ఒక స్ప్రింగు. గట్టి స్ప్రింగు తొమ్మిది దాకా ఆపుతుంది, మెత్తది ఆరుకే వదిలేస్తుంది. నేను మెత్తది వేశాను. వేస్తే మీటరు ఆరే చూపిస్తుంది కదా, దొరికిపోతాను. అందుకని మీటరు విప్పాను. ఆరు వచ్చినప్పుడు తొమ్మిది చూపించేలా లోపలి పళ్ళచక్రాలు జరిపాను. సున్నా దగ్గర అది నిజమే చెప్పేది, పైకెళ్ళేకొద్దీ అబద్ధం పెరిగేది. కంచే చేను మేయడమంటే ఇదే.

పందెంలో అక్క రెండో స్థానంలో వచ్చింది. ఒకటిన్నర సెకను తేడాతో, మా ఊళ్ళో బేకరీ నడిపే ఆయన గెలిచాడు. అందరూ వచ్చి అభినందిస్తుంటే అక్క దిగకుండా ఆ మీటరు వంకే చూస్తూ కూర్చుంది. కారు లాగుడులో తేడా ఒంటికి తెలియకుండా ఉంటుందా? తెలిసింది. కానీ తన ఒంటిని కాదని నా మీటరుని నమ్మింది. "తొమ్మిది చూపిస్తూనే ఉందే. కారు ఇవ్వాల్సింది ఇచ్చింది. నా చేతులే నెమ్మదించాయి" అంది. తాళాలు నా చేతిలో పెట్టింది. అప్పుడే చెప్పాల్సింది. నిజం చెప్పొద్దూ, ఆ తాళాలు చేతిలో పడగానే నాకు హాయిగా అనిపించింది. బతికుంటుందిలే అనుకున్నాను.

బతికే ఉంది. రెండేళ్ళకి డ్రైవింగ్ స్కూలు మానేసింది, "పిల్లల ప్రాణాలు, నా చేతులు పనికిరావు" అంది. ఆ తర్వాత ఏ పనికి పిలిచినా "నా వల్ల కాదులే" అనడం మొదలుపెట్టింది. కారు కాస్త నెమ్మదిస్తే చాలనుకున్నాను కానీ, అక్క ఇంత నెమ్మదిస్తుందని అనుకోలేదు. ఇప్పటికీ వీధిలో ఏ బండిదైనా టర్బో ఈల వినిపిస్తే ఇద్దరం మాట్లాడుతున్నవాళ్ళం ఆగిపోతాం. అది సందు చివర వినబడకుండా పోయాక మోకాళ్ళ గురించి మాట్లాడుకుంటాం.

మేనేజరుగారూ, నిన్న సాయంత్రం నాలుగున్నరకి సర్వీసులో నా చివరి సంతకం పెట్టాను. సంస్థ పరికరం మీద సొంత మీటరు, అదే ఆ కారుది, సరిచూసుకున్నాను. మెమో ఇవ్వాలంటే ఇవాళే ఇవ్వండి, రేపటికి నేను దొరకను. (నవ్వులు) ఆ సర్టిఫికెట్టు ఇదుగో, చదువుతున్నాను. సున్నాకి సున్నా. మూడుకి మూడు. ఆరుకి ఆరు. తొమ్మిదికి తొమ్మిది. గట్టి స్ప్రింగు మళ్ళీ వేశాను.

అక్కా, ఆ రోజు నీ చేతులు నెమ్మదించలేదు. ఆరుతో ఎక్కి ఒకటిన్నర సెకను తేడాతో పోగొట్టుకున్నావు. తొమ్మిది ఉండుంటే గెలిచేదానివో, ఏడో మలుపు దగ్గర నాకు అక్కే లేకుండా పోయేదో, ఆ లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు. కానీ అది నువ్వు వేసుకోవాల్సిన లెక్క, నేను లాక్కున్నాను. నన్ను తిట్టు. ఇంత మందిలో తిట్టినా ఫరవాలేదు.

(ముందు వరుసలో అక్క లేచి నించుంది.)

ఏమంటున్నావే అక్కా? కాస్త గట్టిగా... ఆయిలు మార్చావా అని అడుగుతోందండీ. మార్చానక్కా. బ్రేకులా? కొత్తవే వేశాను.

వేదిక దగ్గరికి వస్తోంది. మొహం చూస్తే కోపమో కాదో నాకు తెలియడం లేదు, మీకెవరికైనా తెలిస్తే చెప్పండి. చెయ్యి చాపి నించుంది. ఏం కావాలో నేను అడగక్కర్లేదు.

ఇదుగో అక్కా, తాళాలు.

అందరికీ కృతజ్ఞతలు. ఇన్నేళ్ళు నన్ను భరించారు, మీ మీటర్లన్నీ చల్లగా ఉండాలి. భోజనాలు నా కోసం ఆపొద్దు. ఆవిడ అప్పుడే తలుపు దాటేసింది. కారులో రెండో సీటు ఇంకా నాదో కాదో తను బండి తీసేలోపు వెళ్ళి అడగాలి. సెలవు.