బాలకిషన్ పండుకుని ఎంచిన పరుపు

"నేను పెద్దగ చేసిందేం లేదు పెద్దమ్మా," అన్నాడు బాలకిషన్, అరుగు మీద కాళ్లు చాపుకుంటూ. "ఆబిడ్స్‌ల షాపుకు పోయిన, రెండు నిమిషాలు పండుకున్న, లేచిన. గంతే. కానీ గా రెండు నిమిషాలల్ల ఏమైందో ఇప్పటిదాంక ఎవ్వరికీ చెప్పలే."

అతను చెప్పకుండా దాచిన సంగతంటూ ఒకటుందని శేషారత్నానికి ఇప్పుడే తెలిసింది. ఆమె పక్క వాటాలో ఉంటుంది. డెబ్బై రెండేళ్లు. యాభై ఆరులో రాజధాని మారినప్పుడు తండ్రి ఆఫీసుతో పాటు హైదరాబాదు వచ్చిన కుటుంబం. మాట మాత్రం ఇంకా గుంటూరు దాటలేదు. అరుగు చివర కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

నాంపల్లిలో ఆ పాత ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగి పావుగంట అయింది. గోడకి ఆనించిన లేటెక్స్ పరుపు ప్లాస్టిక్ కవరులో నడుం వంగి నిలబడి ఉంది. బాలకిషన్ భార్య అనసూయకి భుజం నొప్పని దాన్ని కొన్నారు. సరిపడకపోతే పదిహేను రోజుల్లో మార్చుకోవచ్చని షాపువాళ్లు బిల్లు మీదే రాసిచ్చారు. ఇవాళ పదిహేనో రోజు. ఎనిమిదికి షాపు మూస్తారు, ఇప్పటికే ఆరు దాటింది. ఆ పరుపు మీద పడుకోలేక అనసూయ పద్నాలుగు రాత్రులు హాల్లో కుర్చీలోనే నిద్రపోయింది. నాలుగో తరగతి టీచరు, కుడి చెయ్యి బోర్డు దాకా లేవడం లేదు. ట్రాలీని పిలిపించింది ఆమే. లోపల చీర మార్చుకుంటోంది. పరుపు వెనక్కి పోవడం బాలకిషన్‌కి మాత్రం ఇష్టం లేదు. ఎంచింది తను కదా.

"వెంకటేశం, నువ్వు గూడ కూసో, తొందరేం లేదు," అన్నాడు ట్రాలీ డ్రైవరుతో. వెంకటేశం మెట్టు మీద కూర్చున్నాడు.

"షాపుల అడుగు పెడ్తే ముప్పై పరుపులు. సేల్స్‌మన్ టై కట్టుకుని, సార్ ఇది సాఫ్టు, ఇది మీడియం, ఇది హార్డు అని మొదలుపెట్టిండు. నేనన్న, బాబూ నువ్వు ఆగు, నేను చెప్త. కండ్లు మూసుకున్న, అరచెయ్యి ఆనిచ్చిన. గిది ఆరు ఇంచులు. గిది పది. గీ మీద ఎనిమిది అని రాసిన్రు గానీ ఏడుంబావే. టేపు పెట్టి కొలిచిన్రు. ఏడుంబావు!"

"టేపు వాళ్లదేనా సార్?"

"వాళ్లదే. పరుపు కొననీకె పోయేటోడు టేపు జేబుల పెట్టుకుని పోతడా? ఇగ తర్వాత ముక్కు పెట్టిన. లేటెక్స్ అని అందరు అమ్ముతరు, అండ్ల రబ్బరు చెట్టు పాలెంత, ఫ్యాక్టరీ సరుకెంత అనేది వాసనల దొరుకుతది. ఒకటి చూసి సగం సగం అన్న. ఇంకోటి చూసి, ఇది అచ్చం చెట్టు పాలు, కేరళది, కొండకు పడమటి దిక్కున్న తోటది, వాన పడ్డ తెల్లారి తీసిన పాలు అన్న. సేల్స్‌మన్ టై లూజ్ చేసుకున్నడు. ఉరికిపోయి మేనేజర్‌ను తోల్కొచ్చిండు. మేనేజర్ కంపెనీకి ఫోన్ కొట్టిండు, కంపెనీ తోటకు కొట్టింది. ఆ తర్వాత ఏమైందో తెల్సా?"

"చెట్టు ఫోనెత్తిందా?" అంది శేషారత్నం.

"చెట్టు ఎట్ల ఎత్తుతది పెద్దమ్మా, జర ఆలోచించి మాట్లాడాలె. తోట మనిషి ఎత్తిండు. చెట్టు నంబర్ చెప్పిండు. నేను అప్పటికే చీటీ మీద రాసిపెట్టిన నంబరూ గదే."

వెంకటేశం మెట్టు మీద ఇంకొంచెం ముందుకు జరిగాడు.

"గప్పుడు చెప్పులు ఇడిచి పండుకున్న." బాలకిషన్ గొంతు తగ్గింది, కళ్లు సగం మూతపడ్డాయి. "ముందుగల నడుము మునిగింది, మెల్లగ, చాయ్‌ల బిస్కెట్ మునిగినట్టు. తర్వాత భుజాలు. పరుపు లోపలంత చిన్న చిన్న రంధ్రాలుంటయి గద, గాలాడనీకె, ఆ రంధ్రాలకెళ్లి వాన సప్పుడు వినొచ్చింది. ఈడి వాన గాదు, తోటల వాన. కండ్లు మూసుకునే చూస్తున్న, రబ్బరు చెట్లు వరసగ నిలబడ్డయి, ఒక్కో చెట్టు నడుముకు ఒక గిన్నె కట్టి ఉంది, గిన్నెల తెల్లగ ఒక బొట్టు పడ్తున్నది, మల్ల ఎప్పటికో ఇంకో బొట్టు పడ్తున్నది, ఆ బొట్టుకూ ఈ బొట్టుకూ నడుమ నాకు ఒక నిద్ర పూర్తయి ఇంకో నిద్ర మొదలైతున్నది."

శేషారత్నం చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "నిద్రలో నిద్రా?"

"ఔ పెద్దమ్మా. లోపలి నిద్రల ఇంకొకటి. నేను పండుకున్నది సోమవారం. లేపుదామని షాపోళ్లు వచ్చిన్రు. వచ్చినోళ్లు వచ్చినట్టే పక్క పరుపుల మీద ఒరిగిన్రు. సేల్స్‌మన్ సింగిల్ మీద, మేనేజర్ డబుల్ మీద. గంతల రోడ్డు మీద హారన్లు బందైనయి. ట్రాఫిక్ కానిస్టేబుల్ విజిల్ ఊదిండు, అండ్లకెళ్లి దూది లెక్క గాలి వచ్చింది, ఆయన గూడ దానికి ఫికర్ చెయ్యలే. గన్‌ఫౌండ్రీ బ్యాంకుల టోకెన్ నంబర్లు మైకుల పిలుస్తలేరు, ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి చెవుల చెప్పి పోతున్నరు. బేగం బజార్ల మిర్చి బస్తాలు దించేటోళ్లు తుమ్ము వస్తే మూడు గల్లీలు దాటి పోయి, గాడ తుమ్మి, మల్ల వచ్చి బస్తా ఎత్తుకుంటున్నరు."

"మీరు పండుకోనుంటిరి గద సార్," అన్నాడు వెంకటేశం. "ఇదంత ఎట్ల కనిపించింది?"

"పైకెళ్లి, వెంకటేశం, పైకెళ్లి! పరుపు లేచింది. రబ్బరు గద, తేలుతది. షాపు అద్దం తలుపు దానంతటదే తెరుచుకుంది, పోస్టాఫీసు మీదికెళ్లి మెల్లగ పోతున్న. కింద గొడుగులు, తలకాయలు, అన్నీ నీళ్లల్ల కనిపించినట్టు కదుల్తున్నయి. నాంపల్లి స్టేషన్ల రైలు వచ్చింది. కూత లేదు, చక్రాల సప్పుడు లేదు, మబ్బు వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డట్టు వచ్చింది. ఎక్కేటోళ్లు చెప్పులు చేతుల పట్టుకుని ఎక్కిన్రు. కూలీ తల మీద ఒక సూట్‌కేసు పక్కకు తిరిగి పండుకుంది, వాడు దాన్ని దించుతలేడు, లేస్తదేమో అని. లక్డీకాపూల్ల మా పాత ఆఫీసు మీదికెళ్లి పోయిన, ఆడ గూడ అందరు నిద్ర..."

"ఆ ఆఫీసుకి నీ పరుపుతో పనేముందయ్యా?" అంది శేషారత్నం. "ముప్పై ఏళ్లు నువ్వు అక్కడ కుర్చీలో చేసిందదేగా?"

వెంకటేశం పకపకా నవ్వాడు. బాలకిషన్ కళ్లు తెరవలేదు.

"గురువారం పొద్దుగాల దిగిన. నేను కండ్లు తెరిస్తే ఊరు తెరిచింది. మేనేజర్ వచ్చి నా రెండు చేతులు పట్టుకున్నడు. సార్, గీ పరుపు ఇన్ని దినాలు మీ కోసమే కాసుకోనుంది అన్నడు. అసొంటి పరుపును, ట్రాలీల ఏసి, వాపస్ ఇచ్చి రావాల్నట! నువ్వే చెప్పు పెద్దమ్మా, న్యాయమేనా?"

వీధిలో ఎండ ఎర్రబడింది. వెంకటేశం పరుపు వంక కొత్తగా చూశాడు, అది ఇప్పుడే గోడ మీదుగా లేచిపోతుందేమో అన్నట్టు.

"కథ బాగుంది," అంది శేషారత్నం. "మరి ఆ మూడు రోజులూ అనసూయ ఎక్కడ పడుకుంది?"

"అనసూయనా?" బాలకిషన్ కళ్లు తెరిచాడు. "ఆమెకు కుర్చీ ఏసిన్రు. కూసుంది."

"పరుపు మీద పడుకుని చూడలేదూ?"

"పది మంది మొగోళ్లు తిరిగే షాపుల ఆడమనిషి ఎట్ల పండుకుంటది పెద్దమ్మా? అరచేత్తోని ఒత్తి చూసింది. మంచిగనే ఉంది అన్నది. మిగిలింది నేను చూసిన గద."

"నీ బరువెంత?"

"తొంభై నాలుగు."

"ఆమెదీ?"

బాలకిషన్ ఆలోచించాడు. ఇంత లెక్క తెలిసిన అరచేతికి అది తెలియదు.

"నలభై తొమ్మిది," అంది అనసూయ, గుమ్మంలోంచి. బిల్లు చేతిలో ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో. "ఈయన కింద మునిగిన హార్డు పరుపు నా కింద మునుగుతలేదు పెద్దమ్మా. నాకది బల్ల. నేను పక్కకు తిరిగి పండుకుంట. భుజం లోపలికి పోవాలె. పోతలేదు, పరుపే దాన్ని ఎదురు నెడ్తున్నది."

"హార్డు అయితే నడుముకు మంచిదని..." బాలకిషన్ నసిగాడు.

"నడుము నొప్పి మీకు. భుజం నొప్పి నాకు." ఆమె గొంతులో కోపం లేదు. "మూడు దినాలు కాదు పెద్దమ్మా, పదకొండు నిమిషాలు. గోడ గడియారం నా ఎదురుంగనే ఉండె. ఈయన గురక పెడ్తున్నడు. ఆ పదకొండు నిమిషాలల్ల సేల్స్‌మన్ నన్ను నాలుగుసార్లు అడిగిండు, మేడం, మీరు గూడ పండుకుని చూడున్రి అని. నేనే సిగ్గుపడ్డ. మా క్లాసు పిల్లల అమ్మానాన్నలు ఎవరన్న వస్తే ఏమనుకుంటరో అనుకున్న. ఒక్కసారి పండుకుని చూస్తే అయిపోతుండె. ఇవాళ గూడ కూసుని, ఒత్తి, ఇంకోటి తెచ్చుకుంటే మల్ల గిదే కత."

శేషారత్నం చిక్కుళ్ల చేట పక్కకి జరిపి లేచింది.

"పద, నేనొస్తా. ముందు నేను పడుకుంటాను. నా పక్క పరుపు మీద నువ్వు పడుకో. డెబ్బై రెండేళ్ల ముసలిది చెప్పులు విప్పి పడుకుంటే ఎవడేమంటాడో చూద్దాం. నిన్నెవరూ చూడరు, అందరూ నన్నే చూస్తారు."

"ఎంతసేపు పండుకోవాలె?"

"నీ భుజం నొప్పి మర్చిపోయేదాకా. తొందరపడి లేచావో, నేను లేవను."

అనసూయ నవ్వింది. చాలా రోజులకి. వెంకటేశం అప్పటికే పరుపు ఒక కొస పట్టుకుని లాగుతున్నాడు. అది మధ్యలోకి మడతపడి అతని మీదికి వాలింది.

"అమ్మో, ఏం బరువున్నది సార్ ఇది! ఒక్కణ్ణి లేపలేను."

బాలకిషన్ అరుగు దిగాడు. రెండో కొస కింద భుజం పెట్టాడు. మొహం ఎర్రబడింది, మెడ నరాలు తేలాయి. అయినా, ఇంతకంటే పెద్దది ఒకటి తను ఎప్పుడో ఎత్తిన కథ గుర్తొచ్చినట్టుంది, చెప్పబోతూ నోరు తెరిచాడు.

"మాట్లాడకున్రి, ఊపిరి సరిపోదు," అంది అనసూయ. "ఎత్తున్రి."