పుల్లన్న పొట్ట కరిగిన వైనం

బత్తలపల్లెలో ధర్మవరం బస్సులు ఆగే చోట నల్లమ్మ టీ కొట్టుంది. పొద్దున ఎనిమిదయ్యేసరికి ఆ కొట్టు ముందర బెంచీల మీద ఉగ్గాని, బజ్జీ తినేవాళ్లు నలుగురైదుగురు చేరతారు. ఆ పొద్దు పుల్లన్న వచ్చి అందరి ముందర నిలబడినాడు. బెంచీ మీద జాగా ఉన్నా కూర్చోలేదు. కూర్చుంటే చొక్కా వదులైన సంగతి ఎవరికీ కనబడదు.

పుల్లన్న పట్టుచీరలు నేసే మనిషి. యాభై దాటినాయి. పోయినేడాది వాని పొట్ట ఎంత పెరిగిందంటే, మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే నేసిన చీర చుట్టుకునే కొయ్యకు అది ఆనుకునేది. వంగితే ఆయాసం, లేస్తే ఆయాసం. ఇట్లయితే మగ్గం మూలబడుతుందని కూతురు అరుణజ్యోతి భయపడి, అనంతపురంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి పిలుచుకుపోయింది. భోజనానికి బదులు పాలలో కలిపి, డబ్బా మూత బిగించి, బాగా కుదిపి తాగే పొడి ఒకటి ఆమె రాసిచ్చింది.

ఈ సంగతే పుల్లన్న మొదలుపెట్టినాడు. పొడి తాగి పొట్ట కరిగించినానని, ఇప్పుడు మగ్గంలో పదహారేళ్ల పిల్లోని మాదిరి కూర్చుంటున్నానని చెప్పినాడు. ఎవరూ తలెత్తలేదు. నల్లమ్మ టీలో చక్కెర వేయాలా వద్దా అని మాత్రం అడిగింది.

పుల్లన్నకు మనసు చివుక్కుమనింది. నెలల తరబడి నోరు కట్టుకున్న మనిషికి ఈపాటి మర్యాద కూడా లేదా అనిపించింది. పదిహేను కిలోలు తగ్గినా అన్నాడు. ఒకడు బజ్జీ కొరుకుతూ ఊఁ అన్నాడు. కాదు, సరిగ్గా చూస్తే ఇరవై అయిదు అన్నాడు పుల్లన్న. ఇద్దరు తలెత్తినారు. నలభై అనేసరికి నల్లమ్మ కూడా గరిటె ఆపింది. ఇంక పుల్లన్నకు పట్టపగ్గాల్లేవు.

"మూడు నెలలప్పా, మూడు పూటలా పొడే. అన్నం మెతుకు గానీ సంగటి ముద్ద గానీ నోట్లో పెడితే ఒట్టు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మగ్గం తొక్కుతాంటే చెక్క కిందికి దిగదు, నేనే పైకి లేస్తాండా. ఇదేమి కర్మరా నాయనా అని మా ఇంటామె నాగలక్ష్మమ్మ రోలు పొత్రం తెచ్చి నా ఒళ్లో పెట్టింది, ఆ బరువుకు నిలబడి రెండు చీరలు దించినా. యాపారి ఆ చీరలు పట్టుకుని, ఏమి పుల్లన్నా, గాలిలో నేసినట్లుండాయే అన్నాడు. నేసింది గాలిలోనే కదా మరి."

నల్లమ్మకు పెదాల దాకా నవ్వు వచ్చింది గానీ ఆపుకుంది. పుల్లన్న ఆ నవ్వును మెప్పుగానే తీసుకున్నాడు.

ఇక కథలోకి ఆషాఢం గాలి వచ్చింది. పుల్లన్న మిద్దె మీద ఆరేసిన పంచె తెచ్చుకుందామని ఎక్కినాడట. గాలి పంచెను వదిలేసి వాణ్ణి ఎత్తుకుపోయిందట. చేతిలోని పొడి డబ్బా చేతిలోనే ఉందట. కొండల మీద కరెంటు తీసే గాలిమర రెక్క అందితే పట్టుకుని మూడు చుట్లు తిరిగినాడట, ఆ మూడు చుట్లకూ కింద పల్లెల్లో బల్బులు సూర్యుని మాదిరి వెలిగినాయట.

"ఆడ చెయ్యి జారింది. ఏకంగా కంబదూరు మీద ఒక మేఘంలో పడినా. వట్టి డొల్ల మేఘం, ఎప్పటి మాదిరే మనకు మొగం చూపించి బళ్లారి పక్క పోతాండాది. నాకు కోపమొచ్చింది. నాలుగు చెంచాల పొడి దాంట్లో పోసి, రెండు పక్కలా పట్టుకుని, రోజూ డబ్బా కుదిపినట్లు కుదిపినా. చిక్కబడిందప్పా మేఘం. అంత వాన కంబదూరోళ్లు పుట్టినాక చూసుండరు."

బెంచీ కొసన ఒకాయన టీ గ్లాసు కింద పెట్టినాడు. తిప్పేష్ అని, తాడిపత్రి పోవాలని బస్సు కోసం కాచుకొని ఉన్నాడు. తనది కంబదూరేనని, ఈ ఏడు వేరుశనగ విత్తనం మట్టిలోనే మాడిపోయిందని మెల్లగా చెప్పినాడు. పుల్లన్న తడబడలేదు. ఆ వాన పడిన పొద్దు నువ్వు ఊర్లో లేవులే అన్నాడు. ఏ పొద్దో నువ్వు చెప్పనే లేదే అన్నాడు తిప్పేష్. అందరూ గొల్లుమన్నారు. పుల్లన్నా వాళ్లతో కలిసి నవ్వినాడు. నవ్వితేనేమి, వింటున్నారు కదా.

నవ్వనిది లింగప్ప ఒక్కడే. ఆటో తోలే మనిషి, పుల్లన్నకంటే లావు. నాలుగేండ్లుగా షుగరు. తింటున్న ఉగ్గాని సగంలోనే పక్కన పెట్టేసినాడు.

"అన్నా, నువ్వు మేఘంలో పడినావో లేదో నాకు పనిలేదు. మూడు నెలలు అన్నం ముట్టలేదంటివే, అది నిజమా? నిజమైతే చెప్పు. రేపటి నుంచి నేనూ మానేస్తా. పొడి తాగేవానికి షుగరు మాత్రలు కూడా అక్కర్లేదు కదా?"

మొదటి వారంలో తొందరపడి రెండు పూటలు అన్నం మానేసి, కళ్లు తిరిగి మగ్గం గుంత పక్కన పడిపోయిన సంగతి పుల్లన్నకూ ఇంట్లోవాళ్లకూ మాత్రమే తెలుసు. ఆ పొద్దు అరుణజ్యోతి తిట్టి తిట్టి, ఆఖరికి ఏడ్చింది. ఎదురుగా లింగప్ప కళ్లార్పకుండా చూస్తున్నాడు. అబద్ధం చెబితే ఈ మనిషి రేపు ఆటోలోనే పడిపోతాడు.

"లేదప్పా. రాత్రి ఒక్క పూటే పొడి. మధ్యాన్నం సంగటీ ఆకుకూరా తింటాండా, పొద్దున్నే చెరువు కట్ట దాకా నడుస్తాండా. మాత్రలు మానొద్దు. నీకు ఆ పొడి పడతాదో లేదో డాక్టరమ్మే చెప్పాల, నేను కాదు."

"మరి తగ్గింది ఎంత?" అని నల్లమ్మ అడిగింది.

పుల్లన్న గ్లాసులోకి చూసుకున్నాడు. ఏడు కిలోలు అన్నాడు. ఎన్నాళ్లకు అంటే ఆరు నెలలకు అన్నాడు. నడుమ రెండుసార్లు విసుగొచ్చి మానేసి మళ్లీ మొదలుపెట్టింది కూడా చెప్పేసినాడు. నలభై నుంచి ఏడుకు దిగినావా అని ఎవరో అన్నారు, ఇంకొకరు నవ్వినారు. వాని చెవులు వేడెక్కినాయి.

లింగప్ప మాత్రం లేచి వచ్చి, వాని చొక్కా అంచు పట్టుకుని ఎంత వదులుందో చూసినాడు.

"ఆ డాక్టరమ్మ యాడ కూర్చుంటాదో చెప్పు పుల్లన్నా" అన్నాడు. "నలభై అంటే నాకు భయమేసింది. ఏడైతే నా చేతనైతాది."