కేసముద్రంలో ఆగని బండి

“కేసముద్రంల జర ఆపయ్యా, పప్పు మాడుతాంది.”

“ఈ బండికి కేసముద్రంల హాల్ట్ లేదు ప్రమీలా.”

(కాజీపేట రైల్వే క్వార్టర్లో ముందుగది. ఎక్స్‌ప్రెస్ బండ్లు నడిపే సుందర్ రావు పది రోజులు సెలవు పెట్టి, మిఠాయి కొట్టువాడు సెలవు పెట్టి ఇంట్లో లడ్డూలు చుట్టినట్టు, కంప్యూటర్ మీద బండి నడుపుతున్నాడు. పక్కన స్టూలు మీద అసిస్టెంటుగా భార్య ప్రమీల. వెనక నిలబడ్డవాడు ఆమె మేనల్లుడు జోయెల్, హనుమకొండలో కంప్యూటర్లు అమ్ముతాడు. తెర మీద బొమ్మ బాగా కనబడడానికని లక్షా ఎనభై వేల గ్రాఫిక్స్ కార్డు ఒకటి బిగించి, ఉంచుకుంటారో వాపసిస్తారో తేల్చుకుపోదామని పొద్దుటినుంచి కాచుకొని ఉన్నాడు.)

“హాల్ట్ లేకపోతే సిగ్నల్ కాడ ఆపు. కుక్కర్ నాలుగు కూతలు ఏసింది.”

“నడిమిట్ల అసిస్టెంట్ బండి దిగుతడా? మానుకోటల రెండు నిమిషాలు ఆగుతది, అప్పుడు పో.”

“అప్పటిదాంక పప్పు బొగ్గయితది. జోయెల్, నువ్వన్న పోయి గ్యాస్ బంద్ చెయ్యి బిడ్డా.”

“చేసే వచ్చిన అత్తా. మామా, ఇగ చెప్పు. డీలరు ఆరింటిదాంకనే వాపస్ తీస్కుంటనన్నడు. కార్డు ఉంచాల్నా, పట్కపోవాల్నా?”

“ఇంతకన్న పెద్దది లేదా?”

“ఇంతకన్న పెద్దది నేను తేలేను మామా. పది రోజులల్ల ఇది మూడోది. ముప్పై వేలది పెడితే మసక అన్నవ్. డెబ్బై వేలది పెడితే మసక అన్నవ్. నిజం చెప్పాల్నంటే ఈ ఆటకు ముప్పై వేలదే ఎక్కువ. పొద్దుమూకులు ఆడే పిల్లగాండ్లు సుత ఇంతది కొనరు.”

“అమ్మెటోడివి, వద్దంటవేందిరా?”

“మేనత్త ఇల్లు ముంచి ఏడికి పోత మామా. ఆదివారం చర్చిల మొకం చూపియ్యాలె గదా.”

“జోయెల్, గా లక్షా ఎనభై వేలకు ఏమొస్తదిరా?”

“చెర్ల నీళ్లల్ల నీడలు కనబడ్తయ్ అత్తా. పట్టాల మీద ఎండ మెరుస్తది. కంకరల రాయి రాయికి వేరే నీడ.”

“కిటికీ తీస్తే కాజీపేట జంక్షన్ కనబడ్తది. పట్టాలు, ఎండ, కంకర, అన్ని ఉత్తగనే. ఈయనకు గవర్నమెంటు నిజం బండే ఇచ్చింది, నడిపితే జీతం సుత ఇస్తాంది. గది ఇడిసిపెట్టి, లీవు పెట్టి, ఇంట్ల కూసొని...”

“సిగ్నల్ వస్తాంది, పిలువు.”

“గ్రీన్.”

“చెయ్యి లేపి.”

“గ్రీన్.”

“గ్రీన్. ముందు అసిస్టెంట్ పిలవాలె, తర్వాత బండి నడిపే పైలట్ అనాలె. అది పద్ధతి.”

“మొన్న పక్కింటి రాజక్క కిటికీలకెళ్లి చూసి, గట్ల చెయ్యి లేపుకుంట ఎవలకు వోటేస్తానవ్ అన్నది.”

“అననియ్యి. జోయెల్, వైపర్ ఎయ్యిరా.”

“ఎందుకు మామా?”

“మంచు కనబడ్తలేదా? నెక్కొండ దాటినప్పటిసంది పడ్తనే ఉన్నది.”

“గేముల మే నెల పెట్టుకున్నం మామా. పగటి పన్నెండు. మబ్బు తునక సుత లేదు.”

“అయితే అద్దం తుడువు.”

“పొద్దుగాల నేనే తుడిచిన అయ్యా, సబ్బు నీళ్లతోని.”

“అయితే వోల్టేజీ తక్కువుంటది. లేకపోతే ఆ వైరు. కార్డే కావచ్చు. ఈ కార్డు మీద నాకు నమ్మకం లేదు.”

“మామా, పాత కార్డు మీద అనుమానపడ్డవ్ సరే. దీని మీద సుతనా?”

“ఏమయ్యా, డ్యూటీకి ఎప్పుడెక్కాలె?”

“సోమవారం.”

“కండ్ల పరీక్ష ఎప్పుడన్నరు?”

“గదే పొద్దు. ఇప్పుడెందుకది? బండి నూట పదిల ఉన్నది, మాట్లాడియ్యకు. సిగ్నల్ వస్తాంది, పిలువు.”

“ఈసారి నువ్వు ముందు అను.”

“పద్ధతి గది కాదు.”

“గ్రీన్.”

“గ్రీన్.”

“అత్తా, అది పసుపు...”

“జోయెల్, నువ్వు నోరు మూసుకో. ఏమయ్యా, లీవు ఎందుకు పెట్టినవ్?”

“చెప్పిన గదా. కొత్త గేము వచ్చిందని.”

“మన పెండ్లికి మూడు రోజులు పెట్టినోడివి. గేముకు పది రోజులు పెట్టినవ్.”

“పెండ్లినాడు బండ్లు ఎక్కువుండె. మళ్ల సిగ్నల్ వస్తాంది, పిలువు.”

“గ్రీన్.”

“గ్రీన్. త్రూ, ఆగేది లేదు.”

“అత్తా, ఎర్రదే గదా అది.”

“నాకు ఎరుకేరా.”

“మామా, రెడ్ దాటినవ్. ముందల గూడ్సు ఆగి ఉన్నది. బ్రేకు, మామా, బ్రేకు...”

“ఏది? ఏడున్నది గూడ్సు?”

“అయిపాయె మామా, గుద్దింది.”

“ప్రమీలా, నువ్వు తప్పు పిలిచినవ్.”

“పిలిచిన.”

“ముప్పై ఏండ్లల్ల నాకు ఒక్క తప్పు మాట చెప్పలే నువ్వు.”

“ఇయ్యాల చెప్పిన. ఎన్ని దినాలసంది కనబడ్తలేదయ్యా?”

“కార్డు మంచిది కాదు...”

“కార్డు ముచ్చట ఇడిసిపెట్టు.”

“మామా, అత్త అడుగుతాంది. చెప్పు.”

“నెలసంది జర జర మసక. రాత్రి డ్యూటీ కదా, నిద్ర తక్కువనుకున్న. ఆఖరుసారి డోర్నకల్ కాడ సిగ్నల్ పచ్చదో పసుపుదో తెల్వలే. అసిస్టెంటు తిరుమల పిలిచిండు, నేను మళ్ల అన్న. గంతే. బండి దిగి సీదా పోయి లీవు రాసిన.”

“రాసి, ఇంటికొచ్చి మళ్ల బండే ఎక్కినవా?”

“పెద్ద కార్డు ఏస్తే కనబడ్తదేమో, అప్పుడు తప్పు కండ్లది కాదని తేలుతదనుకున్న. కండ్లు పోయినయంటే ఇంజన్ దింపి ఆఫీసుల కాయితాల ముందల కూసోబెడ్తరు. నాకు భయమైంది ప్రమీలా.”

“కండ్లు మసకైతే కంప్యూటర్‌కు కార్డులు మార్చుకుంట కూసున్నడు మనిషి. జోయెల్, పీకి పట్కపో దాన్ని. కారు తే, దవాఖానకు పోదాం.”

“తెస్త అత్తా.”

“ఒక్క మాట చెప్పయ్యా. కనబడ్తలేదని అక్కడ బండి దిగినోడివి, మళ్ల ఇక్కడ ఎట్ల ఎక్కినవ్?”

“అక్కడ నా ఎనక పన్నెండు వందల మంది కండ్లు మూసుకొని పండుకుంటరు ప్రమీలా. ఇక్కడ నువ్వొక్కదానివే.”