ఆయ్‌సనెం ఫోటోలో సముద్రం

బిబిహాజర్ టీ దుకాణంలో జోల్‌మురాత్ నోరు విప్పాడంటే వినేవాళ్ళ టీ చల్లారిపోవాల్సిందే. ఒకప్పుడు రేవున్న ఊరు అది. సముద్రం తన దారిన తాను పోయి నలభై ఏళ్ళయింది. ఓడలు మాత్రం ఎక్కడివక్కడ ఇసకలో కూలబడి తుప్పు పడుతున్నాయి. ఆ ఓడల్నీ, వాటి ముందు నిలబడ్డ మనుషుల్నీ ముప్పై ఏళ్ళపాటు ఫోటోలు తీసినవాడు జోల్‌మురాత్. కోతలు కొయ్యడం అంతకు ముందు నుంచే వచ్చు.

ఆవేళ మధ్యాహ్నం బయట ఉప్పు దుమ్ము రేగుతోంది. దుకాణంలో ఉన్నది బిబిహాజర్, జోల్‌మురాత్, ఒకప్పుడు ఓడల్లో మెకానిక్కుగా చేసిన అల్పిస్‌బాయ్. అంతే.

బిబిహాజర్ రొట్టె తుంచి అతని ముందు పెడుతూ, "అన్నా, ఆయ్‌సనెం వదిన పోయి శుక్రవారానికి ఏడాది కదా. రాయి చెక్కేవాడికి ఫోటో ఇచ్చావా?" అంది.

ఆ ఊళ్ళో పోయినవాళ్ళ ముఖం సమాధి రాతి మీద చెక్కించి ఏడాది నాడు నిలబెడతారు. ముఖం లేని రాయి చూస్తే, పాపం నా అన్నవాళ్ళు లేని మనిషి కాబోలు అనుకుంటారు. చెక్కేవాడు ఇప్పటికే రెండుసార్లు కబురు పెట్టాడు. జోల్‌మురాత్‌కి గుండె జారింది. గుండె జారినప్పుడల్లా అతను గొంతు పెంచుతాడు.

"ఇవ్వడానికేం చెల్లీ, ఇవ్వచ్చు. కానీ ఆ ఫోటో ఎలాంటిదో నీకు తెలీదు. గట్టవతల తుప్పు ఓడ లేదూ, దాని మీద మీ వదిన్ని నిలబెట్టి, నేను అరమైలు దూరం జరిగి, ఇదిగో ఇలాంటి దుమ్ములోనే, ఒక్క దెబ్బకి తీశాను. రెండోసారి నొక్కితే ఒట్టు."

"ఈ దుమ్ములో ఎదుటి మనిషే కనబడడు కదన్నా," అన్నాడు అల్పిస్‌బాయ్.

"నీకు కనబడడు. నేను కెమెరా ఎత్తగానే గాలి ఆగింది. ఆగడమంటే మామూలుగా కాదు, లేచిన దుమ్ము లేచినట్టే పరదాలా వేలాడిపోయింది. దాన్ని ఇలా చేత్తో పక్కకి తప్పించి చూశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దూరంగా హోరు. ఏంటా అని చూస్తే సముద్రం. వంద మైళ్ళు వెనక్కి పోయిన సముద్రం, ఎవరో ఫోటో తీస్తున్నారని తెలిసి ఉన్నపళంగా పరిగెత్తుకొస్తోంది, పెళ్ళి ఫోటోకి చుట్టాలు ఎగబడ్డట్టు. నేను చెయ్యెత్తి, 'అక్కడే ఆగు, ఫ్రేమంతా నువ్వే అయిపోతున్నావు, రెండడుగులు వెనక్కి' అన్నాను. వెళ్ళింది పాపం."

బిబిహాజర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అది చూసి జోల్‌మురాత్‌కి ప్రాణం లేచొచ్చింది. నవ్వుతున్నంతసేపూ ఎవరూ ఫోటో అడగరు. పైగా ఏడాదిగా అతని ఇంట్లో నవ్వేవాళ్ళు లేరు సరే, అబద్ధమాడితే కాదనేవాళ్ళు కూడా లేరు.

"చేపలు కూడా వచ్చాయా?" అంది బిబిహాజర్.

"వచ్చాయా అంటావేంటి, మనిషంతేసి చేపలు. పొట్టివి ముందు, పొడుగువి వెనక, బడిపిల్లల్లా వరస కట్టాయి. ఒకటి కళ్ళు మూస్తే పక్కది మూతితో పొడిచింది. ఈలోగా ఓడ కింద నీళ్ళు చేరాయి, ఇంజను దానంతటదే స్టార్టయింది."

"ఆ ఓడ ఇంజను నేనే విప్పి తుక్కు కింద పంపించానన్నా."

"అందుకేరా అంత తేలిగ్గా తేలింది. తేలి, మీ వదిన్ని పెట్టుకుని బయల్దేరింది. ఆవిడ పైనుంచి చెయ్యూపుతోంది. కదలకే, ఫోటో చెదిరిపోతుందని నేను అరుస్తున్నాను. అలా చూస్తుండగానే వెళ్ళిపోయింది."

ఒక గుక్క టీ మింగి మళ్ళీ అందుకున్నాడు.

"అవతలి ఒడ్డు చూసి సాయంత్రం టీ వేళకి వచ్చేసిందిలే. ఆ ఫోటో కడిగాక ఏమైందో తెలుసా? తడి ఆరలేదు. ఇరవై ఏళ్ళయినా ఆరలేదు. గోడకి తగిలిస్తే నీళ్ళు కారుతున్నాయని కింద బేసిను పెట్టాను. పొద్దున్నే బేసిన్లో చేపపిల్లలుంటాయి, అవే వేయించుకు తింటున్నాను. అలాంటిది రాతి మీదికి ఎక్కించానా, సమాధులన్నీ మునిగిపోవూ? ఊరి పెద్దలు ఊరుకుంటారా? అందుకే ఇవ్వలేదు. రాయి ఖాళీగానే నిలబెడదామని..."

ఈసారి ఎవరూ నవ్వలేదు. దుమ్ము కిటికీని కొడుతోంది.

"అన్నా," అన్నాడు అల్పిస్‌బాయ్ నెమ్మదిగా. "నీ దగ్గర వదిన ఫోటో లేదు కదూ."

"లేకపోవడమేంట్రా, నేనెవర్ని..."

"నీ ఫోటోల్లో సముద్రం ఉత్త గుడ్డ. నీలం గుడ్డ మీద వదినే అలలు వేసింది. పెళ్ళివాళ్ళకి ఓడొక్కటీ చాలదు, వెనక సముద్రం కూడా కావాలి. గుడ్డ ఒక కొస ఓడ కమ్మీకి కట్టేవాడివి. రెండో కొస కట్టడానికి ఆ ఇసకలో ఏముంది? వదినే పట్టుకుని నిలబడేది. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ సముద్రం ముందు దిగిన ఫోటో ఉంది. అన్నిట్లోనూ ఆవిడ బయటే ఉండిపోయింది."

జోల్‌మురాత్ ఒక అబద్ధం కోసం వెతుక్కున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక్కటీ దొరకలేదు.

"పెళ్ళి నాటిదైనా లేదా అన్నా?" అంది బిబిహాజర్.

"ఊరికంతా ఫోటో తీసేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆవేళ పెళ్ళికొడుకుని. పాస్‌పోర్టులో ఉండేది, పోయాక ఆఫీసువాళ్ళు తీసేసుకున్నారు. నన్నెప్పుడు తీస్తావు అని అడిగేది చెల్లీ. గాలి తగ్గనీ అనేవాణ్ణి. ఇక్కడ గాలి ఎప్పుడు తగ్గింది?"

అల్పిస్‌బాయ్ గొంతు సవరించుకున్నాడు.

"మా పెళ్ళి ఫోటో అంచున ఎవరివో వేళ్ళు పడ్డాయని నీతో పోట్లాడాను, గుర్తుందా? కత్తిరించేస్తానన్నావు. మా ఆవిడ ఒప్పుకోలేదు. నా తరఫు వాళ్ళెవరూ పక్కన లేరు, ఆ వేళ్ళైనా ఉండనీ అంది. గుడ్డని గట్టిగా పట్టుకున్న వేళ్ళు. అవి వదినవే. రేపు పట్టుకొస్తాను, చెక్కేవాడికి అదిద్దాం."

జోల్‌మురాత్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎన్ని వేళ్ళురా?"

"నాలుగు. బొటనవేలు గుడ్డ వెనక్కి పోయింది."

ఇంకెప్పుడైనా అయితే ఆ నాలుగూ అతని నోట్లో పడి నలభై అయ్యేవి.

"నాలుగు చాలు," అన్నాడు జోల్‌మురాత్.