ప్రసూన గారు చదివి వినిపించిన కేలండర్

2001 జూన్ 4, సోమవారం నాడు శ్రీమతి జ్ఞానప్రసూన గారు మన సంస్థలో అకౌంటెంట్‌గా చేరారు. ఆనాటికి యజమాని సూర్యప్రకాశరావు చేతిలో ఉన్నవి అమెరికాలోని ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డు వెనక అద్దెకు తీసుకున్న గోదాము, తలుపు సరిగా పడని పాత వ్యాను, బియ్యం పప్పులు కొనే నాలుగు దుకాణాలు, ఎవరితోనైనా బేరమాడి నెగ్గగలనన్న ధీమా. ఈ నాలుగు మాటలు రాస్తున్నది ఆ రావే. తన గురించి "నేను" అని రాసుకోవడానికి అతనికి మొహం చెల్లడం లేదు.

దిగుమతి కాగితాలు మొదలుకొని సిబ్బంది జీతాల వరకు సమస్త భారాన్నీ ప్రసూన గారు నిబ్బరంగా మోశారు. 2008లో ఒక సరఫరాదారు పొరపాటున నలభై బస్తాల కందిపప్పు ఎక్కువ పంపితే, రావు గుట్టుగా ఊరుకుందామన్నాడు. ఆమె అప్పటికే ఫోన్ చేసి చెప్పేశారు. రావు రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ సంగతి ఆమె గమనించనే లేదు. అబద్ధమన్నది ఆమె నోట ఎవరూ వినలేదు, ఒక్కసారి తప్ప.

సైన్యంలో పనిచేసి వచ్చి, ఆరు నెలలకు పైగా ఉద్యోగం దొరకని వారిని చేర్చుకునే సంస్థలకు పన్నులో రాయితీ ఇచ్చే చట్టం 2011 చివరలో వచ్చింది. ఆ కబురు తెచ్చినది కూడా ఆమే.

"రావు గారూ, బస్తాలెత్తే ఫోర్క్‌లిఫ్ట్‌కి మనిషి కావాలన్నారు కదా. వెటరన్‌ని హైర్ చేస్తే టాక్స్ క్రెడిట్ ఉందండీ. జాయిన్ అయిన ట్వెంటీ ఎయిట్ డేస్‌లో ఫారం పంపాలి, అంతే."

అలా 2012 ఫిబ్రవరిలో రేమండ్ వచ్చారు. ఇరాక్‌లో సైనిక సరఫరా విభాగంలో పనిచేసి, తిరిగొచ్చాక రెండేళ్లుగా పని దొరకని యాభై ఏళ్ల మనిషి. జీతం గంటకు పద్నాలుగు డాలర్లు. రావు నోటితోనే లెక్క కట్టాడు. మొదటి పద్నాలుగు వేల జీతం మీదే రాయితీ, నూటికి నలభై వంతున. అంటే వెయ్యి గంటలు నిండితే ఐదు వేల ఆరు వందలూ వచ్చేసినట్టే. ఆ పైన రేమండ్‌ను పంపించి మరో వెటరన్‌ను తెచ్చుకుంటే మళ్లీ మొదటి నుంచి. భోజనాల గదిలోని తెలుగు కేలండర్ మీద ప్రతి శుక్రవారం ఎర్ర సిరాతో గంటలు వేసుకుంటూ పోయాడు. జూలై 27 గడి చుట్టూ సున్న చుట్టి, "వెయ్యి. ఆపేయాలి" అని రాశాడు.

ఆ ఉదయం రావు వెళ్లేసరికి బల్ల మీద పెద్ద డోనట్ల పెట్టె ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న రేమండ్ లేచి చేయి చాపారు.

"థాంక్యూ బాస్. ఆర్మీ నుంచి వచ్చాక నా గంటలు ఇంత శ్రద్ధగా ఎవరూ లెక్కపెట్టలేదు. అక్కడేం రాశారని మిస్ ప్రసూనను అడిగాను. వెయ్యి నిండితే పర్మనెంట్ అని చదివి చెప్పారు. నా భార్యకు ఫోన్ కూడా చేసేశాను."

రావు తెలుగులోకి దిగాడు. "ఏంటండీ ఇది? నేను రాసిందేంటి, మీరు చదివిందేంటి?"

"నాకు తెలుగు సరిగ్గా రాదనుకోండి," అన్నారు ప్రసూన గారు. "తప్పు చదివానంటే ఇప్పుడే చెప్పేయండి. ఆయన ఎదురుగానే ఉన్నారు, ఇంగ్లీష్ మీకూ వచ్చు. చెప్పాక నా రిజిగ్నేషన్ మీ టేబుల్ మీద ఉంది, అదీ చూసుకోండి."

"ఏమంటున్నారు బాస్?" అని అడిగారు రేమండ్.

"డోనట్స్ బాగున్నాయంటున్నా," అన్నాడు రావు. అతను ఇంకా ఒక్కటీ ముట్టుకోలేదు.

రేమండ్ ఉండిపోయారు. రెండేళ్లు తిరక్కుండానే గోదాము మొత్తం ఆయన చేతి కింద నడిచింది. గత ఏడాది, ప్రసూన గారే కాగితాలన్నీ సిద్ధం చేసి ఇవ్వగా, రెండు ట్రక్కులతో సొంత రవాణా సంస్థ పెట్టుకున్నారు. ఇప్పుడు మన సరుకంతా ఆ ట్రక్కుల్లోనే వెళ్తోంది. తనను మొదట నమ్మినది రావేనని ఆయన వ్యాపారుల సంఘం సభలో చెబితే, ఆ సంఘం వారు రావుకు "వెటరన్ల మిత్రుడు" అన్న ఫలకం బహూకరించారు. రావు కిమ్మనకుండా పుచ్చుకున్నాడు. గోడకు తగిలించుకున్నాడు కూడా. ఆ రోజు సభలో ప్రసూన గారు చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు అతనికి ఈనాటికీ తలవంపుగానే ఉంది.

ఫలకాన్ని నిన్న గోడ మీద నుంచి దించాడు. రేమండ్‌కు తెలుగు రాదు కాబట్టే ఇదంతా ఇంత ధైర్యంగా రాశాడన్న మాట పడటం రావుకు ఇష్టం లేదు. అందుకే ప్రసూన గారి పదవీ విరమణ సందర్భంగా 2015 అక్టోబర్ 30న జరిగే వీడ్కోలు సభలో ఈ వ్యాసాన్ని రేమండ్‌కు ఇంగ్లీషులో చదివి వినిపించవలసిందిగా ఆమెనే వినయంగా కోరుతున్నాడు. ఈసారి ఉన్నది ఉన్నట్టుగా. ఆ తర్వాత రేమండ్ చేయి చాపుతారో, చాపరో ఆయన ఇష్టం.

పద్నాలుగేళ్ల చివర రావుకు దక్కినవి ఐదు వేల ఆరు వందల డాలర్ల రాయితీ, తనది కాని మంచి పేరు ఒకటి, ఆ పేరుకు అతను తగినవాడయ్యే రోజు కోసం మూడేళ్లుగా మాట తూలకుండా ఎదురుచూసిన సహోద్యోగి ఒకరు. ఆ సహోద్యోగి సంపూర్ణ ఆరోగ్యంతో, మనశ్శాంతితో, ఇంకెవరి కోసమూ అబద్ధమాడవలసిన అవసరం రాకుండా నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాడు.