ఆమె కోరిక మేరకు

(ఆఫీసు మూడో అంతస్తులో, చంటిబిడ్డల తల్లుల కోసం ఉంచిన చిన్న గది. మధ్యాహ్నం మూడున్నర. పద్దెనిమిదేళ్ళ సర్వీసున్న ఇంజనీరు, ఆవిడ మెంటర్‌గా ఉన్న చిన్న ఇంజనీరు.)

"గడియ వెయ్యమ్మాయ్. లేకపోతే ఎవరో ఒకరు వచ్చి ఫ్రిజ్‌లో మజ్జిగ పెట్టుకుంటామంటారు."

"వేశానక్కా. నాలుగింటికి నేను హెచ్చార్ దగ్గరుండాలి. ఈ కాగితం ఒకసారి చూడండి, తప్పులుంటే దిద్దండి."

"ముందు కూర్చో. పొద్దున్నించి నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తవేం?"

"ఆ టెస్టింగ్ పిల్ల పని ఒకటి చేసిపెడుతున్నాను. అదే, పోయిన నెల నన్ను మెంటర్ని చేసి అప్పజెప్పారు చూడండి, ఆ పిల్ల. ఎందుకు చేశారు ఫోను?"

"ఊరికే."

"నాలుగుసార్లు ఊరికేనా?"

"పన్నెండింటికి లిస్టు వస్తుందని తెలిసింది. నువ్వు మెయిల్లో చదివే ముందే నేను చెబుదామని."

"అంటే మీకు ముందే తెలుసన్నమాట, లీడ్ పోస్టు నాకు రాలేదని."

"పొద్దున్నే తెలిసింది."

"మా టీములో ఆ పొడుగాయనకిచ్చారు. పోయినేడాది సర్వర్లన్నీ పడగొట్టిందెవరు? పొడుగాయన. తెల్లారేదాకా కూర్చుని లేపిందెవరు? పొడుగాయనే. అందరూ చప్పట్లు కొట్టారు. నేను రాసిన ప్రోగ్రాం రెండేళ్ళుగా ఒక్కసారి ఆగలేదు. నేను ప్రసవానికి వెళ్ళినా అది ఆగలేదు. ఆగని దానికి చప్పట్లు ఎవరు కొడతారు?"

"ఎవరూ కొట్టర్లే."

"చదవండక్కా. టైమవుతోంది."

"చదువుతున్నాను... ఇది మేనేజరు మీద ఫిర్యాదు కదే!"

"మరి? కమిటీ ఏం రాసిందో చూశారా? 'సెలవు నుంచి వచ్చాక పదినెలల్లో ఒక్క ఆన్‌కాల్ చెయ్యలేదు. గడ్డు సమయంలో బాధ్యత మోసిన అనుభవం లేదు.' రాత్రి సర్వరు పడితే లేచి చూసుకునే వంతులు, ఆ లిస్టులో మా టీము మొత్తం ఉంది, నేను తప్ప. ఎందుకు లేను? ఈయన తీసేశాడు కాబట్టి. రెండుసార్లు వెళ్ళి అడిగాను, నా పేరూ వెయ్యండి సార్ అని. 'పాపని చూసుకోమ్మా, తొందరేముంది' అని నవ్వాడు. ఇప్పుడేమో చెయ్యలేదట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు."

"అడిగావా? రెండుసార్లా? నాకు చెప్పలేదేం?"

"ప్రతి చిన్నదానికీ మీ దగ్గరికొచ్చి ఏడవడం ఎందుకని. అసలు సంగతి వినండి. లిస్టు రాగానే నా ఫైలు అడిగి చూశాను, ఏముందో తెలుసా? 'ఆమె కోరిక మేరకు తొలగించడమైనది.' ఆమె అంటే నేనేగా! నేనెప్పుడు కోరాను? పచ్చి అబద్ధం. అదే రాశాను ఇందులో. అది రుజువైతే కమిటీ మళ్ళీ కూర్చోవాలి."

"రుజువు కాకపోతే?"

"తప్పుడు ఫిర్యాదు చేశానని నన్ను పంపిస్తారు. తెలుసు. అయినా ఎందుకు కాదు? నేను అడగలేదు, అంతే."

"పోనీ ఇంకో రెండ్రోజులు ఆగు."

"ఆగి?"

"చంటిపిల్లతో రాత్రిళ్ళు నీకూ కష్టమయ్యేదేమో కదే. పది నెలలు గడిచాయి, పిల్ల ఒడ్డున పడింది..."

"మీరు కూడా మేనేజరులా మాట్లాడకండక్కా. మా వంటింటి గోడ మీద ఇప్పటికీ ఓ కాగితం ఉంది. నేను డ్యూటీలో చేరకముందే మా అత్తగారు స్కేలు పెట్టి గళ్ళు గీసి అంటించారు. నా ఆన్‌కాల్ పడితే సోమవారం పాపని ఆవిడ చూస్తారు, మంగళవారం మా ఆయన, బుధవారం మళ్ళీ ఆవిడ. తొమ్మిదింటికే కునికిపాట్లు పడే మనిషి! ఇప్పటికీ అడుగుతుంటారు, 'ఏమ్మా, నీ వంతు ఇంకా రాలేదా?' అని. ఏం చెప్పను?"

"మీ అత్తగారా?"

"ఆవిడే. ఎందుకంత ఆశ్చర్యం?"

"నాకు తెలీదు."

"మీరెప్పుడూ అడగలేదుగా. సరే, సంతకం ఎక్కడ పెట్టాలి, కిందనా?"

"ఇవ్వకు ఈ కాగితం."

"ఎందుకు?"

"నా మాట విను."

"నాలుగేళ్ళుగా మీ మాటే వింటున్నాను. ఎందుకివ్వకూడదో చెప్పండి. నీళ్ళు నమలకండి."

"ఆయన అబద్ధం రాయలేదు."

"అంటే?"

"నేను రాశాను."

"ఏం రాశారు?"

"నువ్వు తిరిగొచ్చే ముందు వారం. మేనేజరుకి. ఆన్‌కాల్‌లోంచి నీ పేరు తీసెయ్యమని. 'ఆమె మెంటర్‌గా, ఆమె తరఫున కోరుతున్నాను' అని. ఆయన దాన్ని అలా ఎక్కించుకున్నాడు."

"మీరా?"

"నేనే."

"మీరు!"

"అలా చూడకే. మావాడికి ఐదో నెలలో జ్వరం. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తున్నారు. ఆ రాత్రి నా వంతు. మెట్ల మీద కూర్చుని ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని సర్వరు లేపాను. లోపలికెళ్ళేసరికి వాడు ఏడ్చి ఏడ్చి నర్సు భుజం మీద నిద్రపోయాడు. ఎవరో తెలీని మనిషి భుజం మీద. నా తర్వాత వచ్చే ఏ పిల్లకీ ఈ గతి పట్టకూడదని ఆ మెట్ల మీదే అనుకున్నాను."

"నన్నడగాలి కదా."

"అడిగితే చేస్తాననేదానివి."

"చేసేదాన్నే! అందుకే అడగాలి!"

"మెల్లిగా. బయటికి వినిపిస్తుంది."

"మీరు చెడ్డవాళ్ళైతే ఎంత బాగుండేదక్కా. హాయిగా తిట్టుకునేదాన్ని."

"తిట్టు. పడతాను."

"తిడితే లీడ్ పోస్టొస్తుందా? లేవండి. నాతో రండి. ఇదంతా హెచ్చార్‌లో చెప్పండి. కోరింది ఆమె కాదు, నేను అని చెప్పండి."

"చెప్పాను."

"ఎప్పుడు?"

"పొద్దున పదకొండింటికి. నువ్వు ఫోనెత్తకపోతే తిన్నగా అక్కడికే వెళ్ళాను. కూర్చోబెట్టారు, మంచినీళ్ళిచ్చారు. 'ఇది మీరూ మీరూ చేసుకున్న ఏర్పాటు కదా మేడమ్, ఇందులో కంపెనీ తప్పేముంది' అన్నారు. కమిటీ మళ్ళీ వచ్చే ఏడాదే. నా ఉత్తరం కాపీ వాళ్ళ దగ్గరే ఉంది. నువ్వీ కాగితం ఇచ్చావనుకో, అది తీసి ముందు పెడతారు. మేనేజరుకేం కాదు. నువ్వు పోతావు."

"అయితే అయిపోయిందన్నమాట."

"ఏమనను?"

"ఏదో ఒకటి అనండి. ఎప్పుడూ అంటారుగా, దారి ఉంటుంది తల్లీ అని."

"ఈసారి కనపడట్లేదే."

"నాకొక్కదానికేనా ఇలా రాశారు?"

"వదిలెయ్ అదంతా."

"అక్కా!"

"నీకు ముందు ఏడుగురికి. పదకొండేళ్ళలో. ఇవాళ పొద్దున మొదటిసారి కూర్చుని లెక్కపెట్టాను."

"వాళ్ళెక్కడున్నారిప్పుడు?"

"ముగ్గురు మానేశారు. నలుగురు ఇక్కడే, చేరినప్పటి కుర్చీల్లోనే. ఒక్కరూ లీడ్ కాలేదు. ఖర్మ అనుకున్నాను, మేనేజర్ల బుద్ధి అనుకున్నాను. అందరూ నా పుట్టినరోజుకి మెసేజ్ పెడతారే. 'మీ వల్లే ఆ రోజులు గట్టెక్కాం' అని."

"వాళ్ళకి తెలుసా?"

"తెలీదు. నీకూ ఇవాళే కదా తెలిసింది. ఆ కాగితం ఇలా ఇయ్యి. చింపేస్తాను."

"నేనే చింపుకుంటాను."

"ఇటు చూడు. మనిద్దరి సంగతీ అయిపోయింది. నీ కిందున్న పిల్లకైనా ఇలా జరక్కుండా చూడు. దానికేం కావాలో నువ్వు అనుకోకు, నోరు తెరిచి అడుగు. వింటున్నావా? ఏమైందే? ముఖమలా పాలిపోయింది?"

"పొద్దున ఫోనెందుకు ఎత్తలేదని అడిగారు కదా."

"టెస్టింగ్ పిల్లకి ఏదో పని చేసిపెడుతున్నానన్నావు."

"ఐదో నెలక్కా దానికి. మెట్లెక్కితే ఆయాసపడుతోంది. చూడలేక మేనేజరుకి రాశాను. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. 'చాలా మంచి ఆలోచన, ఇవాళే తీసేశాను' అని. ఎప్పుడైనా అంత తొందరగా జవాబిచ్చాడా ఆయన?"

"ఆన్‌కాల్ నుంచా?"

"ఆన్‌కాల్ నుంచే."

"ఆ పిల్లని అడిగావా?"

"లేదక్కా. సాయంత్రం చెప్పి సంతోషపెడదామనుకున్నాను."