చోటు చాలకపోతే ఎవరు దిగాలి

హలో అన్నయ్యా… ఆ, నేనే, మిసుజుని.

గట్టిగా మాట్లాడలేను. నువ్వే ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకో. … ఇంట్లో లేను. పాత సమాధిలో ఉన్నా. … మన పాత సమాధే, కొండ వాలులో గదిలా తొలిచింది. ఎముకలన్నీ కొత్తదానికి మార్చాక ఖాళీగా వదిలేశాం చూడు, అందులో. … నానమ్మ కూడా ఉంది. తనే నన్ను లాక్కొచ్చింది.

ఏడవడం లేదు. … సరే, ఏడుస్తున్నా. కాసేపు విను.

రాత్రి మొదలైన వాన ఇప్పటికీ ఆగలేదు. స్కూలు లేదన్నారు. అమ్మానాన్నా నాహాలోనే చిక్కుకుపోయారు, రోడ్డు మూసేశారట. … చేశా, నాన్న ఎత్తలేదు. అందుకే నీకు చేశా. ఇందాక ఊళ్ళోకి మీవాళ్ళొచ్చారు. … మీవాళ్ళే. ఆత్మరక్షణ దళం సిపాయిలు. నువ్వేసుకునే బట్టలే. కొండ జారేలా ఉంది, అందరినీ పట్నం బడికి తీసుకెళ్తాం అని లౌడ్‌స్పీకర్లో చెప్తున్నారు. "వెంటనే బయటికి రండి" అంటున్నారు. ఆ మాట చెవిన పడగానే నానమ్మ పొయ్యి ఆపేసింది. కాకరకాయలు మూకుట్లోనే ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని పెరటిదారిన ఒకటే పరుగు. ఆ వయసులో అంత పరుగు ఎలా తీసిందో నాకు తెలీదు.

… తలుపేసుకోమంటావేంటి, సమాధికి తలుపెక్కడిది? నేను గడప దగ్గర కూర్చున్నా. లోపలైతే సిగ్నల్ లేదు. పైనుంచి బురదనీళ్ళు కారుతున్నాయి. రాళ్ళు కూడా… ఇదిగో, ఇంకొకటి పడింది. వినపడిందా?

చెప్పాను. వాళ్ళు మనల్ని కాపాడ్డానికే వచ్చారని చెప్పాను. మన దీవి భాషలో, ఊరి మాటలోనే చెప్పా. నానమ్మ గబుక్కున నా నోరు మూసేసింది. ఊరి మాట మాట్లాడితే సిపాయిలు గూఢచారులని కాల్చేస్తారట. టోక్యో మాట రాకపోతే అసలు మాట్లాడకు అంది. … నవ్వకు అన్నయ్యా. నవ్వితే పెట్టేస్తా.

నీకూ తెలియదా? … నాకూ ఇప్పటిదాకా చెప్పలేదు. ఇప్పుడే చెప్పింది. యుద్ధమప్పుడు వాళ్ళంతా దాక్కున్నది ఇందులోనేనట. నానమ్మకి అప్పుడు ఎనిమిదేళ్ళు. వాళ్ళమ్మ, చంటి తమ్ముడు, వాళ్ళ తాత. ఒకరోజు సిపాయిలొచ్చారట. … అమెరికావాళ్ళు కాదు. మన సిపాయిలే.

అందరూ భయపడితే తాత నవ్వాడట. ఆయన కుర్రతనంలో రష్యా యుద్ధానికి వెళ్ళొచ్చాడు. పట్టుబడ్డ రష్యావాళ్ళకి మనవాళ్ళు రొట్టెలు పెట్టడం, వేడినీళ్ళ స్నానానికి తీసుకెళ్ళడం కళ్ళారా చూశాడట. శత్రువుకే అన్నం పెట్టినవాళ్ళు మనల్నేం చేస్తారు అని, ఉన్న నాలుగు చిలగడదుంపలూ పట్టుకుని ఎదురెళ్ళాడు. వాళ్ళు తిన్నారు. తిన్నాక, ఈ చోటు సైన్యానికి కావాలి, మీరు బయటికి పొండి అన్నారు.

… అవును. బయట గుళ్ళు పడుతుంటేనే.

తిరిగొచ్చింది నానమ్మ ఒక్కతే.

… వింటున్నావా?

… అదే చెప్పాను. అప్పటివాళ్ళు వేరు, ఇప్పటివాళ్ళు వేరు అన్నాను. నీ పేరు కూడా ఎత్తాను. తనేమందో తెలుసా? మంచివాళ్ళని తాత అంటే నమ్మాను, తాత అబద్ధం చెప్పలేదు, ఆయన చూసినవాళ్ళు మంచివాళ్ళే, నలభై ఏళ్ళలో మారిపోయారు అంది. ఒకసారి మారినవాళ్ళు మళ్ళీ మారరని ఎవరు చెప్పారు అంది.

అన్నయ్యా, ఒకటి అడుగుతా. కోప్పడకు. … మీ పై అధికారి, టైము లేదు, ఆ ముసలావిణ్ణి వదిలెయ్ అంటే నువ్వు వదిలేస్తావా?

… హలో?

… తెలీదా.

పోనీలే. వదలనని టకీమని అని ఉంటే నమ్మేదాన్ని కాదేమో.

అమ్మో… ఈసారి రాయి కాదు, మట్టి. గడప మీద పడింది. కాళ్ళు తడిసిపోయాయి. నానమ్మని లాగుతున్నా, రావడం లేదు. గోడ పట్టుకుని కూర్చుంది. నేను ఎత్తలేను అన్నయ్యా.

… ఎవర్ని పిలవాలి? వాళ్ళనా? … కింద రోడ్డు మీదున్నారు. ఇద్దరు మన ఇంట్లోకి తొంగి చూస్తున్నారు. … నేనా? క్లాసులో హాజరు పలకడానికే నాకు గొంతు రాదని నువ్వే ఏడిపిస్తావుగా. … నాకూ భయమే. నిన్ను చూస్తే లేదు, వాళ్ళని చూస్తే ఉంది. … సరే. సరే, ఉండు. పెట్టెయ్యకు.

…

పిలిచా. మొదటిసారి వినపడలేదు. రెండోసారి చెయ్యి కూడా ఊపా. వస్తున్నారు. … చెప్తా. "బయటికి" అన్న మాట మాత్రం వాడొద్దని చెప్తా.

… చెప్పాను. నా మాట సగం వానలోనే కొట్టుకుపోయింది. అయినా వాళ్ళకి అర్థమైంది. ఒకతను టోపీ తీసేశాడు. కజియా అట పేరు. నీకంటే చిన్నవాడిలా ఉన్నాడు, మొహం నిండా మొటిమలు. లోపలికి రాలేదు. గడప బయట బురదలోనే మోకాళ్ళ మీద కూర్చుని, అమ్మమ్మా, నేను రావచ్చా అన్నాడు. అంతే.

… లేదు, నానమ్మ గోడ వదల్లేదు. చూస్తోంది. అతని వీపు మీద మట్టి పడుతోంది, కదలడం లేదు. రెండో అతను వాచీ చూస్తున్నాడు. కిందనుంచి వాళ్ళ పెద్ద అరుస్తున్నాడు, త్వరగా అని.

ఉండు, నానమ్మ ఏదో అడుగుతోంది. ఊరి మాటలోనే. … అతనికి టోక్యో మాటలో నన్ను చెప్పమంటోంది.

… మీ బండిలో చోటు చాలకపోతే ఎవరు దిగాలి అని అడిగింది.

చెప్పా అతనికి. … మేము దిగుతాం అన్నాడు. ఏ ఊరు మీది అని అడిగితే చెప్పినంత మామూలుగా అన్నాడు.

… నానమ్మ చెయ్యి చాపింది.

వీపు మీద ఎక్కించుకున్నాడు. దిగుతున్నాం. నేను వెనకాలే ఉన్నా. ఆయాసంగా ఉంది, నువ్వు మాట్లాడుతూ ఉండు. ఏదో ఒకటి చెప్పు. … ఇప్పుడు మీ క్యాంటీను కూర గురించెందుకు? … సరే, చెప్పు.

రోడ్డెక్కాం. చిన్న బండి అన్నయ్యా. పక్కింటి ముసలివాళ్ళిద్దరూ, చేపల కొట్టామె, ఆమె కూతురు, ముందే ఎక్కేశారు. నన్నూ నానమ్మనీ ఎక్కించారు. నిండిపోయింది. … వాళ్ళ పెద్ద ఏదో అన్నాడు. కజియా, ఆ రెండో అతను వెనక్కి జరిగారు. వాళ్ళు నడిచొస్తారట.

కొండ పక్కనుంచే నడవాలి. ఇంకో దారి లేదు.

… అవును. అన్నట్టే దిగారు.

అయ్యో… నానమ్మ! … దిగిపోతోంది అన్నయ్యా. సగం కిందికి వేలాడుతూ కజియా చొక్కా చెయ్యి పట్టుకుంది. వదలడం లేదు. వాళ్ళ పెద్ద బతిమాలుతున్నాడు. నా కోసం ఎవర్నీ బయట నిలబెట్టొద్దు అంటోంది. ఊరి మాటలోనే, ఊరంతా వినేలా.

… ఎక్కాడు. ఎక్కించేసింది. నేను చేపల కొట్టామె ఒళ్ళో కూర్చున్నా. … నవ్వు, నవ్వుకో. నాకు మాత్రం పళ్ళు కొట్టుకుంటున్నాయి.

పెద్ద చప్పుడు… సమాధి వైపు. … చూడలేదు. చూడను. దుమ్ము కాదు, బురద లేచిందట, చేపల కొట్టామె అంటోంది.

ఇంకా బండి కదల్లేదు. రెండో అతను బయటే ఉన్నాడు. … తెలీదు పేరు. చెప్పనే లేదు.

నానమ్మ అడుగుతోంది, ఫోన్లో ఎవరని. … చెప్పనా? … తను నీతో మాట్లాడి రెండేళ్ళయింది, నువ్వు ఆ దళంలో చేరినప్పట్నుంచీ. చెప్తే ఏమంటుందో.

… చెప్పా.

… లేదు, మొహం తిప్పుకోలేదు. నా వైపే చూస్తోంది. … ఉండు, ఏదో అంటోంది.

ఆ బయట ఉన్నవాణ్ణి కూడా ఎక్కించమంటోంది. చోటు లేదన్నా. జరుగు అంది. వాళ్ళ పెద్దతో నన్నే చెప్పమంటోంది. … ఆ, నేనే. గట్టిగా అరవాలి, ఇంజను మోతలో వినపడదు. బండి అంచు ఎత్తుగా ఉంది, అతన్ని పైకి లాగాలి.

అన్నయ్యా, పెట్టేస్తున్నా. నాకు రెండు చేతులూ కావాలి.